గుడ్లత్త బండి, మూడో గేరు

మా మేనత్త బండిలో ప్రయాణం చేసిన కోడిగుడ్డుకి తాను ప్రయాణం చేశానని తెలియదు. ఇది నా మాట కాదు, మార్కెట్లో అందరూ అనే మాట. నేను కాస్త ఉప్పూ కారం చల్లానంతే. ఒక ఎండాకాలం దారి మధ్యలో ఒక గుడ్డులోంచి కోడిపిల్ల బయటికి వచ్చిందనీ, బేకరీలో దింపాక కూడా అది గోడౌనులోనే ఉన్నాననుకుని తల్లి కోసం ట్రేల కింద వెతుక్కుందనీ నేను చెబితే ఒక్కడూ కాదనలేదు. అది నా మీద నమ్మకం అనుకునేరు. అత్త చేతి మీద నమ్మకం.

మా నాన్నకి చెల్లెలు. నాకు అత్తయితే మార్కెట్టుకి గుడ్లత్త. మనిషి పొట్టి. డ్రైవరు సీటు మీద ఒక దిండు, దాని మీద ఇంకో దిండు వేసుకుని కూర్చుంటే బయటివాళ్ళకి స్టీరింగు పైనుంచి రెండు కళ్ళు, ఒక కొప్పు కనిపిస్తాయి. దూరం నుంచి ఆ కొప్పు కూడా కనిపించదు. ఎదురొచ్చే లారీవాళ్ళు బండి తనంతట తానే వస్తోందనుకుని పక్కకి తప్పుకుంటారు.

పొద్దున్నే గోడౌనులో గుడ్ల ట్రేలు ఎక్కించుకుని, సగానికి పైగా పెద్ద బేకరీలో దింపి, మిగిలినవి చిన్న కొట్లకి పంచుకుంటూ రావడం ఆమె పని. ఎక్కించేదీ దించేదీ నేను. చదువు నన్ను వదిలేశాక నాకు కాలేజీ ఆ బండే. నేనే చదువుని వదిలేశానని ఇంట్లో అంటారు, అది వాళ్ళ అపోహ.

బండెక్కక ముందు అత్త అదే గోడౌనులో చీకటి గదిలో కూర్చునేది. బల్బు ముందు ఒక్కొక్క గుడ్డూ పెట్టి, పగులున్నవాటిని ఏరి పక్కన పెట్టే పని. అప్పటి డ్రైవరు బండిని దున్నపోతుని తోలినట్టు తోలేవాడు. దారిలో ఎన్ని పగిలితే అన్ని తిట్లు ఈమెకే. "సరిగ్గా చూడకుండా పగుళ్ళవి పెట్టావు" అని ఓనరు అనేవాడు. కొన్నాళ్ళు పడింది. ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళి బండిలో ముందు సీట్లో కూర్చుంది. బేకరీ దాకా గేరు మార్చే డ్రైవరు చేతినే చూసింది. తిరిగొచ్చి ఓనరు ముందు నిలబడింది.

"గుడ్లు గుంతల్లో పగలట్లేదండీ, గేర్లలో పగులుతున్నాయి. తాళం నాకివ్వండి."

ఓనరు నవ్వాడు. "నీకు డ్రైవింగొచ్చా?"

"రాదు. ఆయనకి మాత్రం వచ్చా?"

పక్కనే ఉన్న డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టేశాడట. చిత్రమేమిటంటే ఆమెకి నడపడం నేర్పింది కూడా ఆ డ్రైవరే. పంతం మీద నేర్పాడు, ఎలాగూ రాదని. నేర్పేటప్పుడు ఆయన అరిచిన అరుపులకి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని నేనంటాను. మానలేదు, రెండేసి సొనలవి పెట్టాయని మామయ్య అంటాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నట్టే.

మామయ్యకి సెలూన్ ఉంది. "మీ అత్త చేతులు గుడ్లకి, నా చేతులు గుండ్లకి. ఇద్దరిలో ఎవరం గీత పెట్టినా అన్నం పుట్టదు" అనడం ఆయనకి అలవాటు. పెళ్ళయినప్పటి నుంచి అంటున్నాడు. కుర్చీలో కూర్చున్నవాడు మెడ మీద కత్తి ఉంది కాబట్టి ప్రతిసారీ నవ్వుతాడు.

అత్త గేరు మార్చే పద్ధతి వేరు. లివరుని పిడికిలితో పట్టుకోదు. అరచేయి ఆనించి, వేళ్ళతో తోస్తుంది. న్యూట్రల్లోకి తెచ్చి ఒక్క రవ్వ ఆగుతుంది. అవతలి గేరు "రా" అన్నాక వెళ్ళినట్టు వెళ్తుంది. "ఎవరింట్లోకైనా తలుపు తన్నుకుని పోతామా?" అంటుంది. చేయి బాగా కుదిరాక సొంతంగా ఒక సెకండ్‌హ్యాండ్ పికప్ కొనుక్కుంది. దానికి ఇంజను ఆయిలు మార్పించడంలో ఆమెకి ఉన్న పట్టింపు నేను మనుషుల్లో ఎక్కడా చూడలేదు. ఇంట్లో మామయ్యకి జ్వరమొచ్చినా రేపు చూద్దాంలే అంటుంది గానీ, బండికి ఆయిలు మాత్రం ఒక్కరోజు దాటనివ్వదు.

అలాంటి అత్త ట్రేల్లో గుడ్లు పగలడం మొదలైంది.

మొదట ఒకటీ అరా. తర్వాత ప్రతి ట్రిప్పులోనూ. అన్నీ అడుగు వరసల్లోవే. బేకరీ స్టోరు చూసుకునే కళ్ళజోడాయన మంచివాడే, కాకపోతే పగిలిన గుడ్డుని రెండు వేళ్ళతో ఎత్తి, కారుతుండగా మన ముఖం ముందు పెట్టి మాట్లాడతాడు. బుధవారం నాడు అలా ఎత్తి పట్టుకుని చెప్పాడు.

"మేడం, మీ దగ్గర ఇలాంటివి చూడాల్సి వస్తుందనుకోలేదు. శనివారం దాకా ఆగుతాను. శనివారం కూడా ఇంతే అయితే సోమవారం నుంచి ఏసీ వ్యానువాళ్ళకి చెప్పేస్తాను. ఏమీ అనుకోకండి."

"అనుకోను సార్," అంది అత్త. బేకరీ పోతే మిగిలిన చిన్న కొట్ల కోసం బండి తిప్పడం దండగని ఆయనకీ తెలుసు, ఈమెకీ తెలుసు.

ఆ మధ్యాహ్నం అంతా పరీక్షలే. టైర్లలో గాలి చూసింది. వెనక కమాన్ పట్టీలు చూసింది. కొత్త ట్రేలు అట్ట పలచగా ఉందేమోనని రెండు రకాలు పక్కపక్కన పెట్టి నొక్కింది. నన్ను కూడా పరీక్షించింది. "నువ్వు దించేటప్పుడు విసురుతున్నావేమోరా?" అంది.

"నేనా? నేను దింపితే గుడ్లకి నిద్రపడుతుంది అత్తా."

"నీ మాటలకి పడుతుందిలే."

ఏదీ తేలలేదు. సాయంత్రం భోజనాల దగ్గర అత్త తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. అరచేతిలో లివరు ఆనే చోట నున్నటి కాయ ఒకటి ఉంటుంది.

"చేయి పోయిందండీ," అంది మామయ్యతో. "బండి తప్పయితే బాగు చేయించుకుంటాం. చేతికి స్పేరు పార్టులు ఎక్కడ దొరుకుతాయి? శనివారంతో ఆపేస్తాను. బండి అమ్మేద్దాం."

మామయ్య ఏదో జోకు వేయబోయి ఆగాడు. ఆయన జోకు మధ్యలో ఆపడం చూడటం నాకదే మొదటిసారి. "చేయి పోతే గిన్నె జారుతుంది, కప్పు జారుతుంది. నీకేం జారింది?" అన్నాడు.

"గుడ్లు."

అప్పుడామెకి ఒక ఆలోచన వచ్చింది. గుడ్డు సరిగ్గా ఏ చోట పగులుతోందో కళ్ళతో చూడాలి. డ్రైవరు సీట్లో కూర్చుంటే వెనక్కి చూడలేదు. కాబట్టి గురువారం నేను బండి నడపాలి, ఆమె వెనక ట్రేల మధ్య కూర్చోవాలి.

"నువ్వు నడిపితే ఎలాగూ ఎక్కువ పగులుతాయి," అంది. "కానీ ఎక్కడ పగులుతాయో తెలుస్తుంది."

ఇంతకంటే గొప్ప మెప్పు నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

గురువారం బయల్దేరాం. మామూలుగా అయితే నేను గాలితో పందెం కట్టి గాలికి దుమ్ము కొట్టే రకం. ఆ రోజు వెనక అత్త ఉంది కాబట్టి బుద్ధిగానే నడిపాను. ఒకటో గేరు, రెండో గేరు పర్వాలేదు. మూడో గేరు దగ్గర బండి గర్రుమంది. తోశాను. వెళ్ళలేదు. గట్టిగా తోశాను. ఇనపగేటు ఈడ్చినట్టు అరిచి, ఇష్టం లేకుండా లోపలికి వెళ్ళింది. బండి ఒక్క ఊపు ఊగింది. వెనకనుంచి క్యాబిను రేకు మీద దబదబా గుద్దులు.

బేకరీ వీధి చివర ఎత్తు ఎక్కుతుంది. అక్కడ నాలుగులోంచి మూడుకి దించాలి. అది దిగనంటుంది. ఈలోపు బండి వేగం చచ్చిపోతోంది. బలవంతంగా కుక్కేసరికి బండి ముందుకి ఎగిరిపడింది. పక్కకి తీసి ఆపాను. వెనక అత్త ఒళ్ళో ట్రే పెట్టుకుని కూర్చుని ఉంది. కొంగు నిండా సొన.

"నా గుడ్లు ఏం పాపం చేశాయిరా నీకు?"

"గేరు పడట్లేదత్తా."

"నాకు పడుతోందిగా రోజూ."

"నీకు పడటం కాదు. నువ్వు దాన్ని చంకనేసుకుని మోస్తున్నావు."

నమ్మలేదు. నన్ను పక్క సీట్లోకి తోసి తను ఎక్కింది. దిండ్లు సర్దుకుని అదే ఎత్తు మళ్ళీ ఎక్కించింది. గేరు పడింది. గర్రుమనలేదు. "చూశావా?" అంది. నేను చూసింది లివరుని కాదు, ఆమె ఎడమకాలిని.

"అత్తా, క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతావు?"

"ఎన్నిసార్లేంటి? ఒకసారే."

"ఇప్పుడు రెండుసార్లు తొక్కావు."

"నీ బొంద."

"మళ్ళీ చేయి. కాలు చూసుకో."

మళ్ళీ చేసింది. క్లచ్ తొక్కి న్యూట్రల్లోకి తెచ్చింది, వదిలింది, యాక్సిలరేటరుని కాలి కొసతో ఒక్క తాటింపు తాటించింది, మళ్ళీ క్లచ్ తొక్కి, లివరుని రెండో గేరు వైపు కొద్దిగా నెట్టినట్టు చేసి, అప్పుడు మూడులోకి జార్చింది. ఇన్ని పనులూ రెప్పపాటులో. బండి పక్కకి ఆపి తన కాలిని తనే కొత్తగా చూసుకుంది, ఎవరిదో కాలు తన చెప్పులో దూరినట్టు.

"ఎప్పటినుంచి ఇలా చేస్తున్నాను?"

"నన్నడుగుతావేం?"

సంగతి నాకప్పుడు అర్థమైంది, తర్వాత మెకానిక్ కూడా అదే అన్నాడు కాబట్టి నా తెలివి గురించి ఎవరూ నవ్వక్కర్లేదు. గేర్ బాక్సు రోజుకింత మొండికెత్తుతూ వచ్చింది. మామూలు డ్రైవరయితే మొదటి వారంలోనే గర్రుమన్న చప్పుడు విని షెడ్డుకి తీసుకెళ్ళేవాడు. అత్త చేయి మెత్తనిది కాబట్టి, చప్పుడు రాకముందే ఏదో ఒక సర్దుబాటు చేసుకుంటూ పోయింది, తనకే తెలియకుండా. బండి రోగాన్ని బండికంటే బాగా దాచింది. కానీ బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇన్ని సర్దుబాట్లకి సమయం చాలదు. బండి ఊగుతుంది, అడుగు ట్రేల మీద పైవాటి బరువంతా పడుతుంది.

దింపాల్సినవి దింపేసి నేరుగా మెకానిక్ షెడ్డుకి వెళ్ళాం. ఈ మెకానిక్ ఏ బండి వచ్చినా ముందు చెవి పెట్టి వింటాడు. తర్వాత "చూద్దాం" అంటాడు. ఏమడిగినా చూద్దామే. అందుకే ఆయన్ని చూద్దాం మేస్త్రి అంటారు. పెళ్ళిచూపుల్లో కూడా అదే మాట అని, పిల్ల వాళ్ళు లేచిపోతుంటే వెనకాల పరిగెత్తాడని నేను ప్రచారంలో పెట్టాను. ఆయన ఖండించలేదు, చూద్దామన్నాడు.

బండి ఒక చుట్టు తిప్పి వచ్చి అడిగాడు. "గేర్ బాక్సు ఆయిలు ఎప్పుడు మార్చావక్కా?"

"ఆయిలు వేళ తప్పకుండా మారుస్తానుగా. నువ్వేగా మార్చేది."

"అది ఇంజను ఆయిలు. గేర్ బాక్సుది వేరే."

అత్త ముఖం చూడాలి. ఇన్నేళ్ళు ఒక పిల్లాడికి రెండు పూటలా అన్నం పెట్టి, రెండోవాడు ఒకడున్నాడన్న సంగతే మరచిపోయిన తల్లి ముఖం.

"వేరేదా? మరి నువ్వు చెప్పలేదే?"

"నువ్వడగలేదు. అది ఊరికే తగ్గేది కాదు, కాలేది కాదు. అందుకే ఎవరికీ గుర్తుండదు. కొన్నప్పుడు కూడా మార్చలేదా?"

"లేదు."

"అంటే పాత ఓనరు పోసిందే ఇంకా లోపల ఉంది. ఆయన కూడా మార్చాడో లేదో." మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "ఇప్పుడు రెండు దారులు. నా దగ్గర వెనక యాక్సిలుకి పోసే చిక్కటి ఆయిలుంది, అది పోస్తే చప్పుడు అణిగిపోతుంది. అమ్మేసే బండయితే అదే పోస్తారు అందరూ. కానీ లివరు ఇంకా బిగుస్తుంది, లోపల గేర్లని మెత్తగా కలిపే ఇత్తడి రింగులుంటాయి, వాటికి మంచిది కూడా కాదు. నడుపుకునే బండయితే దీనికి చెప్పిన ఆయిలే తెచ్చి పోయాలి. రింగులు ఎంత అరిగాయో విప్పాక తెలుస్తుంది. అరిగిపోయి ఉంటే కొత్త ఆయిలు కూడా ఏం చేయలేదు. అమ్ముతావా, నడుపుతావా?"

ముందురోజు సాయంత్రం ఇంట్లో అమ్మేద్దామన్నది అత్తే. చేతిని చీరకి తుడుచుకుంది, అక్కడేమీ అంటుకోకపోయినా.

"ముందు తప్పెవరిదో తేలాలి," అంది. "చెప్పిన ఆయిలే తెండి."

శుక్రవారం లోడు ముగించుకుని వచ్చాం. బండి వేడి మీద ఉండాలని మేస్త్రి ముందే చెప్పాడు. చల్లారిన ఆయిలు చిక్కగా అడుక్కి అంటుకుని ఉంటుంది, వేడిదయితే మురికినంతా ఊడ్చుకుని బయటికి వస్తుంది. అలాగని మరిగిపోతూ ఉంటే చేయి కాలుతుంది. మామయ్య కూడా సెలూన్ మూసి వచ్చేశాడు, భార్య బండికి సాయం చేస్తానని. తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. సాయం ఏ మాత్రం చేస్తాడో చొక్కా చూస్తేనే తెలిసింది.

బండిని చదునైన చోట ఆపి, నాలుగు వైపులా సమానంగా లేపి స్టాండ్ల మీద నిలబెట్టాం. ఒక పక్కకి వాలి ఉంటే ఆయిలు మట్టం తప్పు చూపిస్తుంది. కిందకి దూరి చూస్తే గేర్ బాక్సుకి రెండు బోల్టులు. అడుగున ఒకటి, ఆయిలు దించడానికి. పక్కన కాస్త పైన ఇంకొకటి, పోయడానికి. మామయ్య ఉత్సాహంగా పానా తీసుకుని అడుగు బోల్టు పట్టాడు.

"ఆగు బావా!" మేస్త్రి అరిచిన అరుపుకి పానా జారి మామయ్య బొటనవేలి మీద పడింది. "ముందు పైది విప్పాలి. పైది విప్పాకే కిందిది."

"దించాక కదయ్యా పోసేది?"

"ఉన్నది దించేసి, పైది తుప్పు పట్టి రాకపోతే ఏం చేస్తావు? గేర్ బాక్సు ఖాళీ. పోయడానికి దారి లేదు. బండి ఇక్కడే ఉండిపోతుంది, రేపు గుడ్లు నెత్తిన పెట్టుకుని మోయాలి. ఎన్ని బళ్ళు ఇలా నా షెడ్డులో కాపురం చేశాయో తెలుసా?"

మామయ్య వేలు నోట్లో పెట్టుకున్నాడు. మేస్త్రి పై బోల్టు పట్టి చూశాడు. కదల్లేదు. అన్నేళ్ళుగా ఎవరూ ముట్టని బోల్టు, అది కదలకూడదని ఒట్టు పెట్టుకుని ఉంది. తుప్పు వదిలించే ఆయిలు చల్లి కాసేపు ఆగాడు. సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాడు. పానాకి పొడుగాటి పైపు తొడిగి నేనూ ఆయనా కలిసి లాగాం. ఆ లాగుడుకి భూమి రవ్వంత పక్కకి తిరిగిందని నా అభిప్రాయం. బోల్టు కీచుమంది. అత్త కూడా కీచుమంది. "తలకాయ అరిగిపోతోందేమో చూడండి!"

"అరగలేదక్కా. వచ్చింది."

కిందిది ముందు విప్పి ఉంటే ఏమయ్యేదో అప్పుడు మామయ్యకి తెలిసింది. బండి కింద నుంచి బయటికి వచ్చి, దూరంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

అడుగు బోల్టు తేలిగ్గానే వచ్చింది. తొట్టి పెట్టాం. ఆయిలు తేనె రంగులో ఉండాల్సింది, బురద రంగులో కారింది. మాడిన వాసన. ఆ బోల్టు కొనకి ఒక అయస్కాంతం ఉంటుంది, ఇనుము పొడి అంతా దానికి పట్టుకుంటుంది. మేస్త్రి దాన్ని వేలితో తీసి చూశాడు. నల్లటి పిండిలా ఉంది.

"ఇది మామూలే. పిండి భయం లేదు. ముక్కలు వస్తే భయం. పళ్ళు విరగలేదు." తర్వాత తొట్టిని ఎండలోకి లాగి వంచాడు. నలుపులో సన్నటి బంగారు రవ్వలు మెరిశాయి. "ఇది చూడు. ఇత్తడి. అయస్కాంతానికి అంటదు ఇది. రింగులు అరుగుతున్నాయి."

అత్త తొట్టి పక్కన గొంతుకూర్చుంది. "అయిపోయాయా?"

"సగం అయ్యాయి. సగం ఉన్నాయి."

ఆయిలు చుక్కలు ఆగేదాకా కారనిచ్చి, బోల్టు తుడిచి, కొత్త వాషరు వేసి మేస్త్రి బిగించాడు. పై రంధ్రంలోకి గొట్టం దూర్చి చేతి పంపుతో నేను కొత్త ఆయిలు ఎక్కించాను. ఎంత పోయాలని అడగక్కర్లేదు. రంధ్రం అంచుదాకా నిండి, ఒక ధార తిరిగి బయటికి కారితే చాలు, అదే మట్టం. కారడం ఆగాక పై బోల్టు బిగించాం. పాత ఆయిలుని డబ్బాలో పోసి, కొనేవాళ్ళ కోసం మూలన పెట్టాం. కాలవలో పోసేద్దామన్న మామయ్యని మేస్త్రి చూసిన చూపుకి, ఆయన స్టూలుని ఇంకాస్త దూరం జరుపుకున్నాడు.

"ఇక ఖాళీగా తిప్పి రా అక్కా."

అత్త ఎక్కింది, నేను పక్కన కూర్చున్నాను. రెండు. మూడు. గర్రుమనలేదు. కానీ బండి ఊగింది. నాలుగు నుంచి మూడుకి దించింది. మళ్ళీ ఊగింది, ఇంకా ఎక్కువగా. అత్త బండి పక్కకి ఆపి స్టీరింగు వదిలేసింది.

"చెప్పానా? బండిది కాదు. చేయే."

నేనామె కాలినే చూస్తున్నాను. "చేయి కాదు. కాలు. ఇప్పుడు కూడా రెండుసార్లు తొక్కావు, మధ్యలో యాక్సిలరేటరు తాటించావు. గేరు ఇప్పుడు తనంతట తానే వస్తోంది, నువ్వింకా బతిమాలుతున్నావు. ఒక్కసారి తొక్కు. తాటించకు."

"నా వల్ల కాదురా. అది నన్నడక్కుండా చేసేస్తోంది."

"అయితే నోటితో చెప్పు. కాలుకి చెప్పు."

"ఏమని?"

"ఒక్కసారే అని."

అత్త అటూ ఇటూ చూసింది, ఎవరైనా వింటారేమోనని. బండి కదిలించింది. గేరు మార్చేటప్పుడల్లా "ఒక్కసారే... ఒక్కసారే..." అంటూ, చిన్నపిల్లకి నడక నేర్పినట్టు తన ఎడమకాలికి చెప్పుకుంటూ పోయింది. మొదట రెండుసార్లు కాలు మాట వినలేదు. తర్వాత విన్నది. మూడో గేరు సొరుగు మూసినట్టు పడింది. ఊపు లేదు. మళ్ళీ నాలుగేసింది, మూడుకి దించింది. ఊపు లేదు. చీకటి పడేదాకా ఆ ఖాళీ బండిని ఎత్తు ఎక్కించి దింపుతూనే ఉంది. షెడ్డులో మామయ్య, మేస్త్రి ఇద్దరూ మేం బండెక్కి దేశాలు పట్టిపోయామనుకున్నారట.

తిరిగి రాగానే మేస్త్రి కిందకి దూరి బోల్టుల దగ్గర చెమ్మ ఉందేమో వేలితో చూశాడు. లేదు.

"మళ్ళీ ఎప్పుడు మార్చాలి?" అని అత్త అడిగింది.

"ఖాళీగా తిరిగే బండయితే ఎనభై వేల కిలోమీటర్లు కూడా ఆగొచ్చు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. పుస్తకం గుడ్లు మోయదు కదా. నువ్వు యాభై వేలు దాటనివ్వకు. ఇప్పుడు పోసింది మాత్రం తొందరగానే దించేద్దాం, లోపల మిగిలిన మురికంతా దీంతో కడుక్కుపోతుంది. మధ్యలో గేరు బిగిసినా, కూత పెట్టినా, కింద మరక పడినా కిలోమీటర్లు లెక్కపెట్టకుండా వచ్చెయ్యి. రింగులు ఒకరోజు మార్చాల్సిందే."

శనివారం లోడు మామూలుకంటే ఎక్కువే ఉంది. అత్త దారంతా మాట్లాడలేదు, కాలుతో తప్ప. రైలు గేటు దగ్గర ఒక స్కూటరు అడ్డం వచ్చింది, చటుక్కున మూడులోంచి రెండుకి దించాల్సి వచ్చింది. కంగారులో కాలు పాత పని చేసేసింది. బండి ఒక్కసారి ఊగింది. అత్త పెదవి కొరుక్కుంది. బేకరీ ఎత్తు దగ్గర మాత్రం నాలుగులోంచి మూడు ఎప్పుడు పడిందో పక్కనే కూర్చున్న నాకే తెలియలేదు. తెలియలేదంటే ఇది నా మామూలు తెలియకపోవడం కాదు, నిజంగానే.

కళ్ళజోడాయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఈసారి నన్ను దించనివ్వలేదు. తనే పై ట్రేలు తీయించి, అడుగువి ఒక్కొక్కటీ బల్ల మీదికి తీసుకుని, వంగి వంగి చూశాడు. అత్త చేతులు వెనక్కి కట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడింది. గోడ మీద చూడటానికి ఏమీ లేదు.

చివరి వరసకి వచ్చాడు. రెండు వేళ్ళతో ఒక గుడ్డు ఎత్తాడు.

"ఒకటి," అన్నాడు. తర్వాత, "ఇది మీదై ఉండదు లెండి. కోడి పెట్టడమే అలా పెట్టి ఉంటుంది."

"కాదు సార్, నాదే," అంది అత్త. "రైలు గేటు దగ్గర పగిలింది. ఇంకోసారి పగలదు."

ఆయన ఆ గుడ్డుని ఈసారి ఎవరి ముఖం ముందూ పెట్టలేదు. పక్కన గిన్నెలో వేసేసి, చేయి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. నేను అత్త వైపు చూశాను. అత్త గోడ వైపే చూస్తోంది. కాసేపటికి లోపలినుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. ఆ బేకరీలో ఒక పద్ధతి ఉంది. ఖాళీ ట్రేలు సరుకు దింపినవాళ్ళందరికీ ఇవ్వరు, తర్వాతి లోడు ఎవరు తేవాలో వాళ్ళకే ఇస్తారు. కళ్ళజోడాయన తన ఎత్తు ఉన్న ఖాళీ ట్రేల దొంతర కౌగిలించుకుని, దాని పక్కనుంచి తల బయటికి పెట్టి దారి చూసుకుంటూ వచ్చి, మా బండి వెనక దింపాడు.

"సోమవారం నాలుగు ట్రేలు ఎక్కువ తెండి మేడం. కేకుల ఆర్డరుంది."

"అలాగే సార్," అంది అత్త, ఏమీ జరగనట్టు. బండెక్కి దిండ్లు సర్దుకుంది. నేను ట్రేలు ఎక్కించి, తాడు బిగించి పక్కన కూర్చునేసరికి ఆమె అరచేతిని లివరు మీద ఆనించి ఉంది.

"తిరుగు దారిలో షెడ్డు దగ్గర ఆగుదాం," అంది. "ఆ రింగులు ఎప్పుడు మారుస్తాడో ఇవాళే అడిగేద్దాం."

బండి స్టార్టు చేసి, ఒకటో గేరు వేసి, క్లచ్ ఒక్కసారే వదిలింది.